కారు వణికిన చలికాలం

మొన్న కాశీబుగ్గ దాటుతుంటే టైరు పంక్చరైంది. రోడ్డు పక్క షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉండగా, లోపల ఎవరో జీపు వెనక ఇరుసు విప్పి పాత గేరాయిలుని రేకు డబ్బాలోకి వంచారు. ఆ వాసన ఎరగనివాళ్ళకి చెప్పడం కష్టం. కుళ్ళిన గుడ్డూ కాలిన రబ్బరూ ఒకేచోట మగ్గబెట్టినట్టుంటుంది. నా పక్కనున్న పెద్దమనిషి తువ్వాలుతో ముక్కు మూసుకుని అవతలికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం బల్ల అంచుని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. నందిగాం పక్క బడిలో తరగతి మొత్తాన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే పంతులమ్మని, ఆయిలు వాసనకి హడలిపోవడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటే పోతుందా! తొమ్మిదేళ్ళ వయసులో ఒక చలికాలమంతా ఆ వాసన పక్కనే కూర్చుని, ఇవాళ మా నాన్న చచ్చిపోతాడు, ఇవాళే చచ్చిపోతాడు అనుకుంటూ గడిపినదాన్ని నేను.

మా ఊరికి వెళ్ళాలంటే కంచిలిలో దిగి, జీడితోటల్లోంచీ కొబ్బరితోటల్లోంచీ సముద్రం వైపు పోవాలి. రోడ్డు సన్నబడి సన్నబడి చివరికి ఇసుకైపోయేది, ఆ ఇసుక మీద మా చేపలవాళ్ళ పల్లె. చలికాలం పొద్దున్నే లేస్తే సరుగుడు చెట్ల హోరేదో సముద్రం హోరేదో తెలిసేది కాదు. జీడిపూత తియ్యటి వగరు వాసన తోటల వైపునుంచీ, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల వాసన ఒడ్డు వైపునుంచీ వచ్చి మా వాకిట్లో కలిసేవి. పనసచెట్లకి అప్పుడప్పుడే పిందెలు దిగుతుంటే అమ్మ రెండు తెంపి, కత్తిపీట ముందు కూర్చుని పొట్టు కొట్టి, ఆవ పెట్టి కూర చేసేది. పిల్లలం ఇసుకలో గీత గీసి, జీడిపిక్కలు వరసగా నిలబెట్టి, బరువైన పిక్కతో గురిచూసి కొట్టుకునేవాళ్ళం. గెలిచిన పిక్కలన్నీ గౌను జేబులో పోసుకుంటే నడుస్తున్నప్పుడు గలగలలాడేవి. గంగమ్మ పండక్కి బెల్లం పరవాన్నం, గారెలు, కోడికూర వండి ఒడ్డుకి పట్టుకెళ్ళి, మొదటి ముద్ద కెరటానికి వేశాకే మేం తినేవాళ్ళం. పిల్లలకి ఆ మొదటి ముద్ద అంటే భలే దుఃఖంగా ఉండేది.

మా తాత, అంటే నాన్నని కన్న తండ్రి, నేను పుట్టకముందే తెప్ప మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ రోజు చిరిగిందని ఒడ్డున వదిలేసిన వల మాత్రం మా ఇంటి అటక మీద ఉండేది. మామ్మ, అంటే మా నాయనమ్మ, ఆ వలని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ఒక్కగానొక్క కొడుకుని నీళ్ళలో కాలు పెట్టనివ్వలేదు. "నీటి మీదకి ఎల్తే నాను నూతిలో పడతాను" అని ఒట్టు పెట్టించుకుంది. అందుకని, చేపలవాళ్ళ ఇంట పుట్టి కూడా మా నాన్న డ్రైవరయ్యాడు. పాపం మామ్మ, సముద్రంలోంచి లాగి రోడ్డు మీద పెట్టింది కొడుకుని, ఆ తరవాత రోడ్డుని చూసి భయపడ్డం మొదలెట్టింది. నోట్లో అడ్డపొగ పెట్టుకుని, చుట్ట మంట లోపలికుండగానే మాట్లాడేది. భయం ఎక్కువైనప్పుడు మాత్రం చుట్ట తీసి చేత్తో పట్టుకునేది. మేం ఆమె చెయ్యి చూసి ఇంట్లో వాతావరణం తెలుసుకునేవాళ్ళం.

నాన్న ఒడిశా వైపు ఒక పాత జమీందారు గారింట్లో చాలాకాలం కారు తోలాడు. ఆ ఇల్లు చితికిపోయి, వారసులు తలోదారీ పట్టాక, పశువుల సావిట్లో చెదలు పట్టి పడున్న ఒక కారుని "నువ్వే తీసుకుపోవోయ్" అని ఆయనకిచ్చేశారు. అబ్బ, అది కారా! ఎర్రది, ఇద్దరే కూర్చునేది, నేలకి ఆనుకుని బారుగా ఉండేది, పైన గుడ్డ కప్పు. కప్పు వెనక్కి మడిచేస్తే ఆకాశమంతా ఒళ్ళో పడేది. రెండేళ్ళపాటు ఇంటి పక్క కొబ్బరాకుల పాక కింద పెట్టుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కో మర విప్పి, తుడిచి, బిగించి, చివరికి నడిపించాడు. మామ్మ ఆ కారుకి బారెడు దూరంలోనే నిలబడేది. దాని ముందు దీపాలు తనని చూస్తున్నాయనేది. నేను నవ్వితే నా నెత్తిన ఒక్కటిచ్చేది.

ఆ రోజుల్లో మా వైపు పెళ్ళికొడుకుని ఊరేగించడానికి ఎర్ర కారు, అందులోనూ పైకప్పు లేనిది దొరికితే ఇంకేం కావాలి! నాన్న ఆశంతా అదే. మాఘమాసం పెళ్ళిళ్ళకి కారు తిప్పితే, ఇంకొకళ్ళ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు, సొంత బండికి తనే యజమాని. టెక్కలిలో ఒక పెళ్ళివారికి మాటిచ్చేశాడు కూడా. ఊరేగింపులో కారు నత్తనడకే గానీ, టెక్కలి చేరాలంటే పెద్దరోడ్డు మీద లారీల మధ్య పరిగెత్తించాలి కదా. ఆ పరుగు దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెద్దరోడ్డెక్కిన రోజు, గాలికి నా రిబ్బన్లు ఎగిరిపోతుంటే నేను కేకలు పెడుతున్నాను. స్పీడు చూపించే ముల్లు అరవై మీదికి వచ్చింది. అప్పుడు సీటు కిందనుంచి సన్నగా, ముందు నా తొడల్లోకి, తరవాత పళ్ళలోకి ఒక వణుకు పాకింది. అద్దం గడగడలాడింది. నాన్న వెంటనే కాలు తీసేశాడు. యాభై కిందకి రాగానే ఏమీ ఎరగనట్టు కారు మళ్ళీ మెత్తగా నడిచింది. "నీకూ తెలిసిందేటి?" అన్నాడు. తెలిసిందన్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది, అంతకుముందెప్పుడూ మా నాన్న ముఖం అలా చూడలేదు.

మా నాన్న స్నేహితుడు అప్పన్న మావకి పలాసలో షెడ్డుండేది. జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కాల్చే పొగ ఆ షెడ్డు మీదుగా పోతూ కళ్ళు మండించేది. ఇద్దరూ కారు కింద దూరి, పైకి లేచి, మళ్ళీ దూరారు. ఇంజన్నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే పొడుగాటి ఇనప గొట్టం ఒకటుంటుంది, షాఫ్టు అంటారు, కారు నడుం కింద ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిరుగుతుంది. అప్పన్న మావ నేనక్కడే ఉన్నానని మరిచిపోయి అనేశాడు.

"బావా, ఆ షాఫ్టులో ఏటైనా తేడా వచ్చి ముందుపక్క ఊడిందనుకో, రోడ్డులోకి గుచ్చుకుంటాది. బండి పల్టీయే. మనిసి మిగల్డు."

ఆ మాట విన్నాక నాకు అన్నం సయించడం మానేసింది. పిక్కలాటలో గురి తప్పేది. నాన్న ఎక్కడికైనా కారు తీస్తే, తిరిగొచ్చేదాకా వీధి చివర సరుగుడు మొద్దు మీద కూర్చునేదాన్ని. అమ్మ పిలిచినా వెళ్ళేదాన్ని కాదు. అమ్మ కూడా గట్టిగా పిలిచేది కాదు, తనూ గుమ్మంలోంచి అటే చూస్తూ ఉండేది.

అయినా నాన్న నన్నే తీసుకెళ్ళేవాడు. ఉన్నవి రెండే సీట్లు, అమ్మ ఎక్కనంది. తనకి స్టీరింగు వదలడం కుదరదు కనుక, రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే రేకు మీద అరచెయ్యి ఆనించి, వణుకు ముందు ఎక్కువా వెనక ఎక్కువా చెప్పడం నా పని. నేను చెయ్యి అక్కడ పెట్టి, కళ్ళు ముల్లు మీద పెట్టి, మనసులో గంగమ్మని పిలుచుకుంటూ ఉండేదాన్ని. వెనక ఇరుసు కారుతుండేది కాబట్టి గేరాయిలు కంపు రేకు సందుల్లోంచి పైకొచ్చేది. వణుకు మొదలవగానే నాన్న క్లచ్చి తొక్కి, గేరు తప్పించి, ఇంజను నెమ్మదించనిచ్చేవాడు. ఇంజను సద్దుమణిగినా వణుకు అలాగే ఉండేది. "అయితే ఇంజను కాదు. సక్రాలతోపాటు తిరిగేదేదో ఉన్నాది" అని తనలో తనే అనుకునేవాడు. నాకైతే ఆ తిరిగేదేదో నా సీటు కిందే నోరు తెరుచుకుని ఉన్నట్టుండేది.

ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాడు. మర్నాడు వెళ్ళి చూస్తే తగ్గలేదు సరికదా, అరవై దగ్గర రావలసిన వణుకు యాభై అయిదుకే వచ్చేసింది. బేరింగులు మార్పించాడు. ఈసారి యాభైకి వచ్చింది. ఇంజను కింది రబ్బరు దిమ్మలు కొత్తవి వేయించాడు. నలభై అయిదు! బాగుచేసేకొద్దీ జబ్బు ముదరడమేమిటి? అప్పన్న మావంతటివాడు తల గోక్కుని "దీనికి ఏదో పట్టుకున్నాది బావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తరవాత కారు కిందకి దూరేముందు నేలని కళ్ళకద్దుకోవడం నేను చూశాను. ఇంటికొచ్చి ఈ కబురు చెప్పినప్పుడల్లా మామ్మ చుట్ట చేత్తో పట్టుకుని, "ఎక్కడ ఒణుకుతున్నాదిరా? నడుం కాడేనా?" అని గుచ్చి గుచ్చి అడిగేది. నాన్న ఓపిగ్గా, ఔనమ్మా నడుం కాడే అనేవాడు.

పెళ్ళి ముంచుకొచ్చింది. విప్పకుండా మిగిలింది షాఫ్టు ఒక్కటే. దాని బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి, సైలెన్సరు గొట్టం అడ్డం, పైగా అది విరిగితే ఆ కారుకి మరోటి దొరకదు. అందుకే నాన్న అంతకాలం దాని జోలికి పోలేదు. టార్చి వేసి చూస్తే ఆయిలూ దుమ్మూ పేరుకున్న నల్లటి ముద్ద తప్ప ఏమీ కనపడేది కాదు, చెయ్యి పెడదామంటే ఆయన మోచెయ్యి ఆ సందులో పట్టేది కాదు. చివరికి ఆ రోజు పలాస షెడ్డులో వెనక చక్రాలు ఊడదీసి, ఇరుసుని మొద్దుల మీదకెత్తి, ఇంజను వేసి గేర్లో పెట్టారు. చక్రాల్లేకుండానే కారు మొత్తం దడదడలాడింది. పక్కనున్న రేకు డబ్బా ఆ అదురుకి జరుగుతూ జరుగుతూ వెళ్ళి కింద పడింది. నేను చెవులు మూసుకుని ఏడుపు లంకించుకున్నాను. "ఏడవకే గుంటా, దొరికిపోనాది. షాఫ్టే" అన్నాడు నాన్న.

సైలెన్సరు గొట్టం దింపి, బోల్టులు కోసి, షాఫ్టు బయటికి తీసి కిరసనాయిలుతో కడిగారు. నల్లటి మడ్డి కరిగేకొద్దీ నడిమధ్యన ఒక గుబ్బ తేలింది. అప్పన్న మావ స్క్రూడ్రైవరుతో గీరాడు. లోపల పసుపురంగు గుడ్డ. గుడ్డ చుట్టూ వల అల్లే నైలాను తాడు, బిర్రుగా, చుట్టు మీద చుట్టు. కోసి విప్పితే సీసం గుళ్ళు, వల నీళ్ళలో మునగడానికి అంచున కడతారే, అవి. వాటి కింద ఇంకో గుడ్డ, అందులో ఇంకొన్ని గుళ్ళు, దాని కింద మరోటి, ఆ కింద ఇంకోటి. కింది గుడ్డ మాసిపోయింది, పైగుడ్డ ఇంకా కొత్తగా ఉంది.

అప్పన్న మావ పగలబడి నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఆ ముడిని వేళ్ళతో తడిమి చూసి, షెడ్డు నేల మీదే కూలబడ్డాడు. ఆ గుళ్ళు అటక మీది తాత వలవి.

మా వాళ్ళలో ఒక అలవాటుండేది. తెప్ప గానీ నావ గానీ కొత్తగా నీళ్ళలో దించేముందు, ఇంటి పెద్దావిడ ఒక మూట కట్టి, ఎవరికీ కనపడని చోట దాని నడుముకి కడుతుంది, పసిపిల్లలకి మొలతాడు కట్టినట్టే. కట్టానని చెప్పకూడదు, చెబితే పనిచెయ్యదు. నావ ఊగుతోందంటే నడుం దగ్గర అడుగున ఇంకాస్త బరువు వేస్తారు, నిలకడ వస్తుంది. మామ్మకి తెలిసింది అదే. కారు మొదటిసారి రోడ్డెక్కేముందే ఒక మూట కట్టింది, వణుకుతోందని విన్నప్పుడల్లా, పాపం, ఇంకాస్త బరువు కట్టుకుంటూ వచ్చింది. నీళ్ళ మీద తేలేదానికి బరువు నిలకడ, గిరగిరా తిరిగేదానికి ఒకపక్క బరువు చావు అని ఆమెకి ఎవరు చెబుతారు? నాన్న మధ్యాహ్నం పడుకున్నప్పుడు, బారెడు దూరంలో నిలబడే ఆ మనిషి, ఆ దీపాలు తనని చూస్తున్నాయని నమ్మే మనిషి, ఇసుకలో వెల్లకిలా పడుకుని ఆ కారు కిందకి దూరింది. ఎండిన కొమ్మలాంటి ఆమె చెయ్యి ఒక్కటే ఆ సందులో పట్టింది.

ఇంటికొచ్చేటప్పటికి నాన్న కోపంతో ఊగిపోతున్నాడు. కారు షెడ్డులోనే వదిలి బస్సులో వచ్చాం. వాకిట్లో మూట ఆమె ముందు పెట్టి, "ఇదేటమ్మా?" అన్నాడు.

మామ్మ చేతిలో చుట్ట కింద పడిపోయింది. "ఇప్పేసినావేట్రా? ఓరి నాయనో, ఇప్పేసి బండెక్కినావా?" అంది. "ఆ కారు అదరడం నాను కట్టినదాన్నుంచి గాదు గదా? నా సేతుల్తో నానే నిన్ను..." అని ఆగిపోయింది.

నాన్న నోరు తెరిచాడు. చెప్పేస్తాడనుకున్నాను. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు, చూసి పక్కన చతికిలబడ్డాడు.

"కాదమ్మా. రాడ్డు కీలు అరిగిపోయినాది. నీ మూట గట్టిగా పట్టుకుని ఉండబట్టే ఇరగలేదు. అప్పన్నని అడుగు."

మా నాన్న అబద్ధమాడగా వినడం అదే మొదలు. మామ్మ ఏడుస్తూనే నవ్వింది. మూట మళ్ళీ కట్టాలని పట్టుబడితే, షాఫ్టు బిగించి కారు ఇంటికి తెచ్చాక ఆమె చూస్తుండగానే సీటు కింద కట్టాడు. ఆ తరవాత ఊళ్ళో సైకిలుందంటే చాలు, దానికి మూట కట్టకుండా మామ్మని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

మర్నాడు పెద్దరోడ్డు మీద ముల్లు అరవై దాటింది, డెబ్భై దాటింది. కారు పాల మీద మీగడలా నిలిచింది. నాన్న పాటందుకున్నాడు. నాకైతే భయం తగ్గలేదు. వణుకున్నన్నాళ్ళూ ప్రమాదం ఎక్కడుందో తెలిసేది, ఇప్పుడది ఎటునుంచొస్తుందో తెలీదు కదా అని, ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ చూసి కళ్ళు మూసుకున్నాను. ఏమీ కాలేదు. టెక్కలి పెళ్ళిలో ఆ కారు చూడ్డానికి జనం పెళ్ళికొడుకుని వదిలేశారు. ఆ ఏడూ, ఆ తరవాత చాలా ఏళ్ళూ నాన్న కారు మీద ఒక్క గీత పడకుండా బతుకు నడిపాడు.

మామ్మ ఒక వేసవిలో నిద్రలోనే పోయింది. కారుని బరంపురంలో పాత బండ్ల పిచ్చి ఉన్న ఒకాయన కొనుక్కుపోయాడు. తెప్పలు పోయి ఫైబరు పడవలొచ్చాయి. తుపానుకి జీడితోటలు సగం నేలకొరిగాయి. ఇప్పుడు పెళ్ళికొడుకులకి తెల్ల కార్లు, అద్దాలు ఎత్తి ఏసీ వేసుకుని ఊరేగుతారు. పిక్కలాట ఆడే పిల్లలే లేరు.

నాన్న రోడ్డు మీద పోలేదు, నీళ్ళ మీదా పోలేదు. మా ఉద్దానంలో ఇంటింటికీ తిరుగుతున్న కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. ఏ చప్పుడూ చెయ్యలేదు. కాస్త ఆకలి తగ్గిందన్నాడు, కాస్త కాళ్ళు వాచాయన్నాడు, పలాసలో రక్తం పరీక్ష చేసేసరికి కిడ్నీలు రెండూ పాడైపోయాయన్నారు. డయాలసిస్‌కి తీసుకెళ్ళినప్పుడు ఒకరోజు డాక్టర్ని అడిగాడు, ఇది ఎక్కణ్ణుంచొచ్చిందని. నీళ్ళంటారు, మట్టంటారు, ఎండలో పనంటారు, ఏదని గట్టిగా చెప్పలేమన్నాడా కుర్ర డాక్టరు. నాన్న, "ఒక్కొక్కటీ ఇప్పుకుంటూ పోవాలి గదా డాక్టరుబాబూ, దొరక్కేం" అన్నాడు.

ఆ చలికాలమంతా మేం ఆయన చావు కోసం కారు కింద వెతికాం. నేను వీధి చివర మొద్దు మీద కూర్చుని, కారు కనపడగానే ప్రాణం లేచొచ్చి, ఇంట్లోకి పరిగెత్తేదాన్ని. దుమ్ము కొట్టుకుని వచ్చేవాడు కదా, దిగుతూనే దాహం అనేవాడు. మా పెరటి నూతిలోంచి అప్పటికప్పుడు తోడి, చెంబు నిండా ఇచ్చేదాన్ని. ఒక్క గుక్కలో తాగేసి మళ్ళీ చెంబు చాపేవాడు. చల్లగా, తియ్యగా ఉండేవి. ఇంట్లో అందరం అవే తాగాం. ఆ నీళ్ళో కాదో, ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.